రోడ్డెక్కని కారు

కారు సిద్ధమైంది. ధర కూడా ఖరారైంది... అక్షరాలా రెండువేల రూపాయలు! రానిదల్లా ఒక్క అనుమతి కాగితమే. చిల్లకూరు ఇసుక దగ్గర మొదలై కోయంబత్తూరు ఫౌండ్రీల దాకా సాగే ఈ ప్రయాణం, ఏడు దశాబ్దాల కిందట ఆగిపోయిన ఓ రెండు సీట్ల కారు కోసం.

నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే జాతీయ రహదారి మీద, గూడూరు పక్కనే ఉంటుంది చిల్లకూరు. బస్సులో కునికిపాట్లు పడేవాళ్లకు అదో మామూలు ఊరు. కానీ రోడ్డు పక్కన టీకొట్టు దగ్గర ఓ పావుగంట నిలబడితే బోలెడంత కాలక్షేపం. రొయ్యల వ్యాన్లు పోతుంటాయి. తిరుమల వెళ్లే జీపులు పోతుంటాయి. వాటి మధ్య అప్పుడప్పుడూ రైలుపెట్టెంత పొడవున్న ట్రెయిలర్ ఒకటి దర్జాగా వస్తుంది. దాని కడుపులో వరసగా కొత్త కార్లు! ఇంకా నంబరు ప్లేటు పడలేదు, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు తియ్యలేదు. చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరు, ఒరగడం ఫ్యాక్టరీల్లో పుట్టి, ఈ దారినే ఉత్తరాదికి కాపురానికి పోతుంటాయవి.

ట్రెయిలర్ ఎక్కిన ప్రతి కారూ గండాలన్నీ గట్టెక్కినదే. ముందు కాగితం మీద గీత, తర్వాత ఒకే ఒక్క నమూనా, ఆ తర్వాత పరీక్షలు, అనుమతులు, పెట్టుబడులు... అన్నీ దాటితేనే వేలసంఖ్యలో తయారీ. మరి మధ్యలో ఆగిపోయిన కార్ల సంగతి? వాటికి ట్రెయిలర్ ఉండదు. నంబరు ప్లేటు ఉండదు. చాలాసార్లు జ్ఞాపకం కూడా మిగలదు.

అలాంటి కారు ఒకటి మన తెలుగువాళ్లకూ ఉంది.

ఇసుకలో ఇంజిను... మైకాలో మెరుపు

చిల్లకూరుకీ కార్లకీ ఉన్న చుట్టరికం రోడ్డు ఒక్కటే కాదు. హైవే దిగి తూర్పున సముద్రం వైపు పోతే నేల రంగు మారిపోతుంది. మోమిడి, బల్లవోలు చుట్టుపక్కల పంచదార పోసినట్టు తెల్లటి ఇసుక. దీన్నే సిలికా అంటారు. గాజు తయారీకి ముడిసరుకు ఇదే. కారు అద్దం కూడా ముందు ఇలాంటి ఇసుకే!

సిలికా ఇసుకకు మరో పని కూడా ఉంది. ఇంజిను బ్లాకులాంటి ఇనప భాగాలను పోతపోసేది ఇసుకతో చేసిన అచ్చుల్లోనే. కొయ్యతోనో లోహంతోనో చేసిన నమూనాను ఇసుకలో ఒత్తి తీస్తారు. ఏర్పడ్డ ఖాళీలో కరిగిన ఇనుము పోస్తారు. చల్లారాక అచ్చు పగలగొడితే భాగం బయటికొస్తుంది. అచ్చు పోయినా ఫర్వాలేదు, నమూనా ఉంటే చాలు... మళ్లీ ఎన్ని కావాలంటే అన్ని!

పడమరకు తిరిగితే గూడూరు, సైదాపురం, రాపూరు. అది మైకా సీమ. పెద్దవాళ్లు ‘కాకిబంగారం’ అని పిలిచిన రాయి. రేకులు రేకులుగా విడిపోతుంది, వేడికి చెదరదు, కరెంటును దాటనివ్వదు. అందుకే కరెంటు మోటార్లలో రాగి పలకల మధ్య పలచటి మైకా రేకులు పెడతారు. పాతకాలం స్పార్క్‌ప్లగ్గుల్లోనూ ఇదే ఉండేది.

అద్దానికి ఇసుక ఉంది, పోతకు ఇసుక ఉంది, నిప్పురవ్వకు మైకా ఉంది. ఇన్ని ఉన్నా ఇక్కడ కారు పుట్టలేదు. తెలుగు మాట్లాడే ఓ మనిషి చేతిలో కారు పుట్టిన చోటు చూడాలంటే గూడూరు స్టేషన్లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. ఏటా మాల వేసుకున్న స్వాములు వెళ్లే దారే అది. తిరుపతి, కాట్పాడి, సేలం, ఈరోడ్ దాటాక వస్తుంది కోయంబత్తూరు. శబరిమల హడావుడిలో చాలామంది ఆ ఊరిని కిటికీలోంచి చూసి వదిలేస్తారు. ఒక్కరోజు ఆగితే మాత్రం వృథా పోదు.

పంపుసెట్ల ఊళ్లో తెలుగు మాట

కోయంబత్తూరు మన ఇళ్లకు కొత్తేమీ కాదు. వంటింట్లో ఇడ్లీపిండి రుబ్బే గ్రైండరు మీద, పొలంలో బోరు మోటారు మీద ఆ ఊరిపేరు చూస్తూనే ఉంటాం. ఫౌండ్రీలు, స్పిన్నింగు మిల్లులు, పంపుసెట్ల కంపెనీలు... ఆ ఊరంతా ఇనుము, నూలు వాసనే. పారిశ్రామికంగా ఆ ఊరిని నిలబెట్టినవారిలో తెలుగు మాట్లాడే నాయుళ్లు ఎందరో. లక్ష్మీ మిల్స్ స్థాపకుడు జి. కుప్పుస్వామి నాయుడు, పీఎస్‌జీ విద్యాసంస్థల వెనకున్న పి.ఎస్. గోవిందస్వామి నాయుడి కుటుంబం వాళ్లలో కొందరు. విజయనగర రాజుల కాలం నుంచీ తరతరాలుగా అక్కడికి వలసపోయిన కుటుంబాలవి. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు.

అలాంటి రైతు కుటుంబంలోనే, కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో 1893 మార్చి 23న పుట్టారు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకానికి జి.డి. నాయుడు. తర్వాతి కాలంలో ‘భారతదేశపు ఎడిసన్’ అని పిలిపించుకున్న ఈ పెద్దమనిషికి చిన్నప్పుడు బడంటే అస్సలు పడేది కాదు. మాస్టారి మీద ఇసుక చల్లి పారిపోయేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు!

ఆయన జీవితం ఓ మోటారు సైకిలు చప్పుడుతో మలుపు తిరిగింది. రెవెన్యూ పనిమీద వచ్చిన ఓ బ్రిటిష్ అధికారి నడుపుతున్న రడ్జ్ బండి అది. ఎద్దులు లేవు, గుర్రం లేదు, బండి మాత్రం పోతోంది! కుర్రాడు ఊరు వదిలి కోయంబత్తూరు చేరాడు. హోటల్లో సర్వరుగా పనిచేసి పైసా పైసా కూడబెట్టి అలాంటి బండే కొన్నాడు. కొని షికార్లు కొట్టాడనుకుంటున్నారా? కాదు. ఏ ముక్కకాముక్క విప్పేసి, మళ్లీ బిగించాడు. అదే ఆయన చదువుకున్న ఇంజినీరింగు కాలేజీ.

1920లో ఒకే ఒక్క బస్సు. కోయంబత్తూరు పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ అందించిన సాయంతో కొన్నది. పొల్లాచ్చి, పళని మధ్య తిరిగేది. పళనికి వెళ్లే భక్తులే మొదటి ప్రయాణికులు. 1933 నాటికి ఆయన ‘యూనివర్సల్ మోటార్ సర్వీస్’కు 280 బస్సులు! కండక్టరుకు టిక్కెట్లిచ్చే యంత్రం, బస్సు ఎప్పుడొస్తుందో చూపించే గడియారం కూడా ఆయనే తయారుచేశారు. ఓట్లు నమోదుచేసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, పళ్లరసం తీసే యంత్రం, బ్యాటరీతో నడిచే ‘రాసంత్’ గడ్డం రేజరు... జాబితా ఓ పట్టాన తెగదు. 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి దేశంలోనే తొలి కరెంటు మోటారును తయారుచేశారు. మిగతావాళ్లు ‘ఎక్కడ కొనాలి’ అనుకుంటే, నాయుడు ‘ఎలా చెయ్యాలి’ అనుకునేవారు. తేడా అక్కడే ఉంది.

రెండువేలకే కారు

1952 వచ్చింది. స్వతంత్రం వచ్చి అయిదేళ్లు. కారంటే జమీందార్లు, పెద్ద డాక్టర్లు, సినిమావాళ్ల వైభోగం. బడిపంతులు ఇంటిముందు కారు ఆగిందంటే ఇన్‌స్పెక్టర్ వచ్చాడనే అర్థం! అలాంటి రోజుల్లో నాయుడు పెట్రోలుతో నడిచే రెండు సీట్ల కారును బయటికి తెచ్చారు. ధర రెండువేల రూపాయలు.

రెండు సీట్ల కారంటే మనకు సరదా బండి గుర్తొస్తుంది. పాశ్చాత్యులు కూపే అనే బండ్లు సాధారణంగా అలాంటివే. రైల్లో ఫస్ట్‌క్లాసు కూపే తెలుసుగా... ఇద్దరు మనుషులు, ఓ తలుపు, బయటి ప్రపంచంతో సంబంధం లేదు. నాయుడి కారుకు రెండే సీట్లుండటంలో మాత్రం సరదాకన్నా పొదుపే కనిపిస్తుంది. సీటు తగ్గితే బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే చిన్న ఇంజిను చాలు, ఇంజిను చిన్నదైతే ధర చిన్నది. అంతకు పదకొండేళ్ల ముందే, 1941లో, అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే చేసివ్వగలనని ప్రకటించిన మనిషి ఆయన. వస్తువు ఎంత గొప్పదన్నది కాదు, ఎంతమందికి అందుతుందన్నదే ఆయన లెక్క.

కారు సిద్ధంగా ఉంది. కానీ కారు తయారుచేయడం వేరు, తయారుచేసి అమ్ముకోవడం వేరు. పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం అమల్లోకి వచ్చింది సరిగ్గా 1952 మే 8న. పెద్ద పరిశ్రమ ఏది పెట్టాలన్నా, ఎంత తయారుచేయాలన్నా ప్రభుత్వ లైసెన్సు ఉండాల్సిన కాలం మొదలైంది. నాయుడి కారుకు లైసెన్సు దక్కలేదు. తయారీ ఆగిపోయింది.

ప్రభుత్వం వైపూ ఓ వాదన ఉండేది. చేతిలో విదేశీ మారకం తక్కువ, ఉక్కు తక్కువ, యంత్రాలు తక్కువ. ఉన్న కాస్త వనరులనూ నలుగురికీ చల్లితే ఏదీ నిలబడదని, కొద్దిమందికే తయారీ అప్పగిస్తే పరిశ్రమ కుదురుకుంటుందని అనుకున్నారు. ఆ కొద్దిమంది చేసిన కార్లేమిటి? మన అంబాసిడర్ బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్. మద్రాసు శివార్లలో స్టాండర్డ్ కంపెనీ చేసిన హెరాల్డ్ బ్రిటిష్ ట్రయంఫ్. ఫియట్ ఇటలీది. హెరాల్డ్ బ్రిటన్‌లో రెండు తలుపుల బండి. మన కుటుంబాలకు సరిపోవాలని 1968లో మద్రాసువాళ్లు దానికి నాలుగు తలుపులు పెట్టారు. ఆ నాలుగు తలుపుల హెరాల్డ్ ప్రపంచంలో ఇంకెక్కడా తయారవలేదు. అంటే మార్చగల నైపుణ్యం మన చేతుల్లో ఉంది. మొదటి గీత గీసే హక్కు మాత్రం సముద్రం అవతలే ఉండిపోయింది.

దొరల దేశంలోనూ అంతే

నమూనా దగ్గరే ఆగిపోవడం మనకొక్కరికే పట్టిన జాతకం కాదు. ఆ బ్రిటన్‌లోనే ఎన్నో కార్లు అలా ఆగిపోయాయి. మోరిస్, ట్రయంఫ్ లాంటి లక్షల బండ్ల పక్కనే, ఒక్కటే పుట్టి ఒంటరిగా మిగిలిన కార్ల జాబితా కూడా అక్కడ పొడుగే. వాటిలో బాగా పేరుపడింది ఆస్టన్ మార్టిన్ ‘బుల్‌డాగ్’. విలియం టౌన్స్ గీసిన రెండు సీట్ల కూపే. ఎత్తు చూస్తే పెద్దమనిషి నడుం దాకా వస్తుందంతే. తలుపులు గద్ద రెక్కల్లా పైకి లేస్తాయి. 1979 చివర్లో పరీక్షల్లో గంటకు 191 మైళ్లు... అంటే 307 కిలోమీటర్ల వేగం అందుకుంది. 1980లో ప్రపంచానికి చూపించారు. పాతిక కార్లు చేస్తామన్నారు. 1981లో కంపెనీ పగ్గాలు విక్టర్ గాంట్‌లెట్ చేతికొచ్చాయి. లెక్కలు చూసుకుంటే ఖర్చు తట్టుకునేలా లేదు. పాతిక అనుకున్నది ఒకటి దగ్గరే ఆగింది.

ఆ ఒక్కటీ చేతులు మారుతూ దేశాలు తిరిగింది. చివరికి మళ్లీ ఇంగ్లండ్ చేరాక బ్రిడ్జ్‌నార్త్‌లోని ఓ వర్క్‌షాపువాళ్లు బోల్టు బోల్టూ విప్పి బాగుచేశారు. 2023 జూన్‌లో స్కాట్లండ్‌లోని ఓ పాత వైమానిక స్థావరం రన్‌వే మీద వదిలితే... గంటకు 205 మైళ్లు! పుట్టినప్పుడు పెట్టుకున్న 200 మైళ్ల లక్ష్యాన్ని నలభైమూడేళ్ల తర్వాత తీర్చుకుందది.

బుల్‌డాగ్ కోటీశ్వరుల బొమ్మ. ఆగిపోయినా ఎవరి ఇంట్లో పొయ్యి ఆరిపోలేదు. నాయుడి కారు అలాంటిది కాదు. అది నడిచుంటే ఓ గుమాస్తా, ఓ చిన్న రైతు స్టీరింగు పట్టుకునేవారు. అదీకాక, బుల్‌డాగ్‌ను ఆపింది డబ్బు లెక్క. ఆ లెక్కను సంత తేల్చింది. నాయుడి కారు అసలు సంత మొహమే చూడలేదు. బాగుందో బాలేదో, రెండువేలకు గిట్టుబాటవుతుందో లేదో జనం తేల్చే అవకాశమే రాలేదు. పరీక్ష రాయనివ్వకుండా తప్పించిన విద్యార్థి లాంటిదది.

కాగితం ఉంటే కారు వస్తుందా?

మన దేశంలో ఇలాంటి కథలు ఇంకా ఉన్నాయి. మహారాష్ట్రలో శంకర్‌రావు కులకర్ణి ‘మీరా’ పేరుతో చిన్నకారు కోసం ఏళ్ల తరబడి శ్రమించారు. అదీ నమూనాలు దాటి రాలేదు. దీనికి తలకిందుల కథ మరొకటి. 1970లో సంజయ్ గాంధీకి ఏడాదికి యాభైవేల చిన్నకార్లు తయారుచేసేందుకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. భూమి దొరికింది, ఫ్యాక్టరీ లేచింది. ఆ మొదటి కంపెనీ మూతపడేదాకా జనానికి మాత్రం కారు అందలేదు. ఆ పేరుతో మనం ఎక్కిన మారుతి 800, తర్వాత ప్రభుత్వం జపాన్ సుజుకీతో చేతులు కలిపాక 1983 డిసెంబరులో వచ్చింది.

ఒకచోట కారు ఉంది, కాగితం లేదు. ఇంకోచోట కాగితం ఉంది, కారు లేదు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు విషయం అర్థమవుతుంది. కాగితానికి కారు చేయడం రాదు. కారు ఆపడం మాత్రం వచ్చు.

కార్ల తయారీకి లైసెన్సు అక్కర్లేదన్నది 1993లో. నాయుడి కారు తర్వాత నలభై ఒక్క ఏళ్లకు. అయిదేళ్లకు శ్రీపెరుంబుదూరు పక్కన హ్యుందాయ్ ఫ్యాక్టరీ నుంచి శాంత్రోలు బయటికొచ్చాయి. చిల్లకూరు దగ్గర టీ తాగుతూ చూసే ఆ పొడవాటి ట్రెయిలర్ల కథ అక్కడ మొదలైంది. సామాన్యుడికి కారన్న నాయుడి కల కూడా 2009లో ‘లక్ష రూపాయల కారు’ నానోగా ఒకసారి రోడ్డెక్కింది. జనం ఎక్కువకాలం ఆదరించలేదు. 2018లో ఆగిపోయింది. అయితేనేం, దాన్ని వద్దన్నది జనమే. ఆ గౌరవమైనా దక్కింది.

రోడ్డుకే పేరెక్కింది!

లైసెన్సు రాలేదని నాయుడు చేతులు ముడుచుకు కూర్చోలేదు. చదువు మీద ఆయనకు అంతకుముందు నుంచే పట్టుదల. 1945లోనే కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరుతో పాలిటెక్నిక్కు, ఇంజినీరింగు కాలేజీ రావడానికి ఆయనే కారణం. ఆ కాలేజీయే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. నాలుగేళ్ల చదువు దండగ, రెండేళ్లు చాలని వాదించారు. పాలకులు ఒప్పుకోకపోతే తప్పుకున్నారు. యంత్రం అంటే అద్దాల వెనక చూసేది కాదు, విప్పి చూసేదన్న నమ్మకం ఆయనది. 1974 జనవరి 4న కన్నుమూసేదాకా అదే మాట.

కోయంబత్తూరు వెళ్లినవాళ్లు చూడాల్సింది అవినాశి రోడ్డు. జి.డి. నాయుడు ఆవిష్కరణల ప్రదర్శనశాల, 2015లో తెరిచిన జీడీ కార్ మ్యూజియం ఆ దారిలోనే ఉన్నాయి. తండ్రీ కొడుకులు నాయుడు, జి.డి. గోపాల్ మొదలుపెట్టిన సేకరణ. బ్రిటన్, జర్మనీ, అమెరికా... దేశదేశాల పాతకార్లు మెరిసిపోతూ వరసగా నిలబడి ఉంటాయి. పిల్లలతో వెళితే ఓ పూట సరిపోదు. మన తాతలు సినిమాల్లో చూసిన బండ్లు, నాన్నలు అద్దెకెక్కిన బండ్లు కనబడి పెద్దవాళ్లు కూడా పిల్లలైపోతారు.

బయటికొచ్చి తలెత్తితే ఆకాశాన్ని కప్పేస్తూ ఓ వంతెన. అవినాశి రోడ్డు మీదుగా 10 కిలోమీటర్లకు పైగా సాగే ఈ ఫ్లైఓవర్‌ను 2025 అక్టోబరు 9న ప్రారంభించారు. దానికి పెట్టిన పేరు... జి.డి. నాయుడు. ఆయన కారు రోడ్డెక్కలేదు. ఆయన పేరు మాత్రం రోడ్డుకే ఎక్కింది!

తిరుగు రైల్లో గూడూరు దిగి చిల్లకూరు వస్తే ఇసుక అలాగే మెరుస్తూ ఉంటుంది. ఈ కోట, చిల్లకూరు మండలాల్లోనే కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. ఫ్యాక్టరీలు వస్తాయి, ఉద్యోగాలు వస్తాయని ఊళ్లు ఎదురుచూస్తున్నాయి. రావాలి కూడా. వాటితోపాటు మరొకటీ రావాలి... మెకానిక్ షెడ్డులో పాత బండి విప్పి మళ్లీ బిగిస్తున్న కుర్రాడు ఏదైనా కొత్తది చేసి తెస్తే, ‘నీకెవరు చెప్పారు’ అనకుండా ‘ఏదీ, నడిపి చూపించు’ అనే మనిషి.

ఇసుక అచ్చు ఎన్నిసార్లు పగిలినా ఫౌండ్రీవాళ్లు బాధపడరు. నమూనాను మాత్రం గుడ్డతో తుడిచి, పదిలంగా అటక మీద పెట్టుకుంటారు. రేపు మళ్లీ పోత పోయాలిగా మరి!